చిలుకూరు నుంచి చిలుకూరు దాకా

చేవెళ్ల, మొయినాబాద్ పేర్లు వింటే కమ్యూనిజం గుర్తుకొచ్చేవాళ్లు దాదాపు ఉండరు. టమాటాలు గుర్తుకొస్తాయి. తెల్లవారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్టుకు చేరే బంతిపూలు, గులాబీలు గుర్తుకొస్తాయి. బీజాపూర్ రోడ్డు పొడవునా నిలబడ్డ మర్రిచెట్లు గుర్తుకొస్తాయి. ఈమధ్య అయితే ఫామ్‌హౌస్‌లు, ట్రిపుల్ వన్ జీవో, చిలుకూరు బాలాజీ. తెలంగాణ సాయుధ పోరాటం సాగిందంతా తూర్పున, నల్లగొండ, వరంగల్, ఖమ్మం వైపే. అయినా అమెరికా, సోవియట్ యూనియన్ల పోటీ తెలుగు నేలను ఎలా తాకిందో, ఇక్కడి ఎర్రజెండా ఎందుకు చిక్కిపోయిందో లెక్క తీయాలంటే ఈ పడమటి వైపుకే రావాలి. పోరాటం జరిగిన ఊళ్లలో స్తూపాలు కనిపిస్తాయి. ఆ పోరాటానికి విరుగుడుగా ఎవరెవరు ఏమేమి పట్టుకొచ్చారో కనిపించేది శివరాంపల్లి, రాజేంద్రనగర్, మొయినాబాద్, చేవెళ్లల మీదుగా సాగే ఈ కాస్త దూరంలోనే.

సాధారణంగా చెప్పుకునే కథ చాలా చిన్నది. 1991 డిసెంబరులో క్రెమ్లిన్ మీద ఎర్రజెండా దిగింది, దాంతో ఇక్కడి కమ్యూనిస్టుల పనీ అయిపోయింది అంటారు. వినడానికి బాగానే ఉంటుంది కానీ ఓట్ల లెక్క ఒప్పుకోదు. సోవియట్ యూనియన్ పోయిన మూడేళ్లకు, 1994 శాసనసభ ఎన్నికల్లో, తెలుగుదేశంతో పొత్తు పెట్టుకున్న సీపీఐకి 19, సీపీఎంకు 15 సీట్లు వచ్చాయి. పొత్తు లేని 1999లో సీపీఐకి ఒక్కటీ దక్కలేదు, సీపీఎంకు రెండు. ఈ అయిదేళ్లలో మాస్కోలో కొత్తగా కూలిందేమీ లేదు. వెనక్కి వెళ్తే 1962లో చీలకముందు పార్టీకి 51 స్థానాలుండేవి. చీలిన తర్వాత 1967లో రెండు పార్టీలకూ కలిపి ఇరవైకి అటూ ఇటూ. క్షీణత మొదలైంది అక్కడే. అప్పటికి బ్రెజ్నెవ్ కుర్చీలో కుదురుగానే కూర్చుని ఉన్నాడు.

మరి మొదట్లో చేవెళ్ల వైపు ఎరుపు ఎందుకు పాకలేదు? హైదరాబాద్ చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా నిజాం సొంత ఖర్చుల కింద ఉండే సర్ఫ్-ఎ-ఖాస్ ఇలాకా. పక్కనే పాయిగా జాగీర్లు. నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో మాదిరి వేల ఎకరాల దేశ్‌ముఖు, అతని గడి, గడి ముందు వెట్టి అనే అమరిక ఇక్కడ అంత దట్టంగా లేదు. పైగా నగరం అందుబాటులో ఉంది. కష్టమొస్తే వకీలు దగ్గరికి పోవచ్చు, పని లేకపోతే పట్నం పోవచ్చు. దీనికి తోడు ఈ ప్రాంతానికి తన సొంత నాయకుడున్నాడు. మొయినాబాద్ దగ్గరి పెద్దమంగళారంలో 1890లో పుట్టిన కొండా వెంకట రంగారెడ్డి. ఇప్పటి జిల్లాకు ఆయన పేరే పెట్టారు. న్యాయవాది, కాంగ్రెస్ వాది, ఆంధ్ర మహాసభలో మితవాద పక్షానికి పెద్దదిక్కు.

ఆంధ్ర మహాసభలో ఎరుపు, తెలుపు విడిపోయిన తీరు చూస్తే తర్వాతి ఏభై ఏళ్ల కథ అక్కడే మొలకెత్తిందనిపిస్తుంది. 1941లో హుజూర్‌నగర్ తాలూకా చిలుకూరులో జరిగిన ఎనిమిదో మహాసభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. యువకుల, వామపక్షం వాళ్ల పట్టు బిగిసింది అప్పుడే. 1943లో హైదరాబాద్ సభల అధ్యక్ష పదవికి పోటీ తప్పలేదు. ఒకవైపు రంగారెడ్డి, రెండోవైపు కమ్యూనిస్టుల మద్దతున్న బద్దం ఎల్లారెడ్డి. రంగారెడ్డి గెలిచారు. అయితే మరుసటి ఏడు భువనగిరిలో సభ పూర్తిగా కమ్యూనిస్టుల చేతికి వెళ్లింది. సభ్యత్వ రుసుమును ఒక్క అణాకు దించారు. వకీళ్లు, పంతుళ్లు కూర్చునే సభలోకి గొర్రెల కాపరులు, కౌలుదార్లు నడిచి వచ్చారు. పల్లెల్లో దాన్ని ఆంధ్ర మహాసభ అనడం కూడా మానేసి ఉత్త 'సంఘం' అన్నారు. అణా సభ్యత్వం చేసిన పని ఏ సిద్ధాంత గ్రంథమూ చేయలేదు.

ఆ తర్వాతిది తెలుగువారికి బాగా తెలిసిన చరిత్రే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ పేర్లతో సాయుధ పోరాట పిలుపు వెలువడింది. మూడువేల ఊళ్లలో గ్రామ రాజ్యాలు, పది లక్షల ఎకరాల పంపకం అని పార్టీ లెక్క. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా సాగిన పోలీసు చర్యతో నిజాం ప్రభుత్వం పోయింది, రజాకార్లు పోయారు. అక్కడ తెగని ప్రశ్న ఒకటి పుట్టింది. నిజాం పోయాక తుపాకీ దించాలా, నెహ్రూ సైన్యం మీదికి తిప్పాలా? దించేద్దామన్నాడు రావి నారాయణరెడ్డి. చైనా దారిలో పల్లెల నుంచి పట్నాలను చుట్టుముడదామంది ఆంధ్ర పార్టీ నాయకత్వం. కలకత్తా మహాసభలో పగ్గాలు అందుకున్న రణదివే మాత్రం రష్యా తరహాలో పట్టణ కార్మికుల తిరుగుబాటు మీద ఆశ పెట్టుకున్నాడు. ఊళ్లలో జనం చస్తుంటే పార్టీలో వాదం నడిచింది మాస్కోనా, పెకింగా అని.

ఈ తగవు తీర్పు కోసం వెళ్లింది స్టాలిన్ దగ్గరికి. 1951 మొదట్లో నలుగురు నాయకులు కలకత్తాలో సోవియట్ ఓడ ఎక్కి రహస్యంగా ప్రయాణం చేశారు. ఒక పక్షాన అజయ్ ఘోష్, డాంగే. మరో పక్షాన ఇద్దరూ తెలుగువాళ్లే, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య. ఫిబ్రవరిలో స్టాలిన్‌తో జరిగిన సంభాషణల వివరాలు చాలా దశాబ్దాల తర్వాత బయటికొచ్చాయి. వాటిని చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. చైనా ఎర్రసైన్యానికి మంచూరియాలో సోవియట్ సరిహద్దు అండగా దొరికింది, మీకు అలాంటి వెన్నుదన్ను ఏదీ అని ఆయన అడిగాడు. నెహ్రూ ప్రభుత్వాన్ని తోలుబొమ్మగా తాను చూడలేననీ చెప్పాడు. అప్పటికే నల్లగొండ అడవుల్లో ఆ ప్రభుత్వాన్ని తోలుబొమ్మ అని నమ్మి వందల మంది ప్రాణాలిచ్చారు. నాయకులు తిరిగొచ్చారు, కొత్త కార్యక్రమం రాసుకున్నారు, 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించారు. విరమించడం తప్పని అనడం కాదు. ఊళ్లలో పరిస్థితి చూసి రావి నారాయణరెడ్డి చెప్పినప్పుడు వినని మాట, స్టాలిన్ చెప్పాక వినడంలో ఉంది తెలుగు కమ్యూనిజం మొదటి బలహీనత. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. వీళ్లు ఇంటి తగవుకు కూడా రచ్చనే నమ్ముకున్నారు.

స్టాలిన్‌తో మాటలు ముగిసిన రెండు నెలలకు ఇంకో పెద్దమనిషి హైదరాబాద్‌లో కాలు పెట్టాడు. వార్ధా దగ్గరి పౌనార్ నుంచి కాలినడకన బయలుదేరిన వినోబా భావే 1951 ఏప్రిల్‌లో శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి చేరాడు. సమ్మేళనం ముగిశాక జైల్లో ఉన్న కమ్యూనిస్టులను వెళ్లి కలిశాడు. అక్కడి నుంచి నల్లగొండ వైపు నడిచాడు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో హరిజనులు ఎనభై ఎకరాలు కావాలన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలిస్తానన్నాడు. భూదానోద్యమం అలా మొదలైంది. తుపాకీ లేకుండా భూమి పంచే మనిషి దొరికాడని అమెరికాలో ఎక్కడలేని సంబరం. 1953 మేలో టైమ్ పత్రిక వినోబా బొమ్మను ముఖచిత్రంగా వేసింది. భారత్‌లో అమెరికా రాయబారిగా పనిచేసిన చెస్టర్ బౌల్స్ ఈ ఉద్యమాన్ని మెచ్చుకున్నాడు. దేశమంతటా నలభై లక్షల ఎకరాలకు పైగా దానంగా ప్రకటించారు. అందులో పెద్ద భాగం పేదల చేతికి చేరనేలేదు. రంగారెడ్డి జిల్లాలో భూదాన భూముల తగాదాలు ఈనాటికీ కోర్టుల్లో నానుతున్నాయంటే దానం తర్వాత పట్టా ఎంత దూరమో తెలుస్తుంది.

దానం కంటే గట్టిగా పనిచేసింది చట్టం. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు. 1950 జూన్‌లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం. తరాలుగా దున్నుతున్నవాళ్లను రక్షిత కౌలుదార్లుగా నమోదు చేశారు. తర్వాత చేర్చిన 38-ఇ సెక్షన్ కింద అలాంటివాళ్లకు యాజమాన్య ధ్రువపత్రాలిచ్చే వీలు వచ్చింది. ఈ చట్టాల వెనుక పోరాటం నీడ లేదని ఎవరూ అనలేరు. దొరలను భయపెట్టింది సంఘం, కాగితం మీద రాసింది కాంగ్రెస్. ఓటు పడింది కాగితం ఇచ్చినవాడికి.

వెంటనే మాత్రం కాదు. 1952 ఎన్నికల నాటికి హైదరాబాద్ రాష్ట్రంలో పార్టీ మీద నిషేధం ఉండటంతో ప్రజాస్వామిక ఫ్రంటు పేరుతో పోటీ చేశారు. నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి మూడు లక్షలకు పైగా ఓట్లొచ్చాయి. అవి నెహ్రూకు వచ్చిన ఓట్ల కంటే ఎక్కువ. అటు మద్రాసు రాష్ట్రంలోని ఆంధ్ర జిల్లాల్లో సీపీఐ 41 స్థానాలు గెలిచి కాంగ్రెస్‌కు చెమటలు పట్టించింది. ప్రపంచంలోనే మొదటిసారి ఓట్లతో వచ్చే కమ్యూనిస్టు ప్రభుత్వం ఆంధ్రలోనే అనే మాట దేశవిదేశాల్లో గట్టిగా వినిపించింది.

1955 ఫిబ్రవరి ఆంధ్ర రాష్ట్ర ఎన్నికలు ఆ అంచనాను తలకిందులు చేశాయి. సరిగ్గా ప్రచారం పట్టాలెక్కిన జనవరి నెలలో మాస్కో ప్రావ్దా పత్రిక నెహ్రూ విధానాలను పొగుడుతూ సంపాదకీయం రాసింది. స్టాలిన్ పోయాడు. సోవియట్ నాయకత్వానికి ఇప్పుడు నెహ్రూ కావాలి, తటస్థ దేశాలు కావాలి. గుంటూరులో, బెజవాడలో కమ్యూనిస్టులు గెలుస్తారా ఓడతారా అన్నది ఆ లెక్కలో చిల్లర. కాంగ్రెస్ వాళ్లు ఆ సంపాదకీయాన్నే ఊరూరా పంచిపెట్టారు. ఎన్.జి. రంగా కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ కాంగ్రెస్‌తో చేతులు కలిపాయి. ఫలితం, కమ్యూనిస్టులకు 31 శాతం ఓట్లు, 15 సీట్లు. వాళ్ల ఓటమికి ప్రావ్దా ఒక్కటే కారణమంటే అతి అవుతుంది. కమ్మ, రెడ్డి వర్గాల పోటీ ఆంధ్ర కమ్యూనిస్టుల బలానికీ బలహీనతకూ మూలమని మరుసటి ఏడాదే అమెరికన్ పరిశోధకుడు సెలిగ్ హారిసన్ పెద్ద వ్యాసం రాశాడు. దానిలో నిజముంది. కానీ కులం లెక్క స్థానికం, మార్చుకోగలిగింది. మాస్కో నుంచి వచ్చిన దెబ్బకు పార్టీ దగ్గర మందు లేదు.

ఇక అమెరికా తరఫు పని చూడాలంటే రాజేంద్రనగర్ వెళ్లాలి. పల్లెల్లో ఆకలి ఉంటే ఎర్రజెండా లేస్తుందన్నది వాషింగ్టన్ నమ్మిన సూత్రం. 1952 అక్టోబరు 2న మొదలైన సమష్టి అభివృద్ధి పథకానికి అమెరికా సాయం, ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బు తోడయ్యాయి. బ్లాకులు, బీడీవోలు, గ్రామసేవకులు ఆ పథకం బిడ్డలే. 1959 అక్టోబరులో నెహ్రూ ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్‌ను ప్రారంభించింది ఇక్కడికి దగ్గరి షాద్‌నగర్‌లో. సమష్టి అభివృద్ధి జాతీయ సంస్థ ముస్సోరీ నుంచి రాజేంద్రనగర్‌కు తరలివచ్చి, ఇప్పుడు జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థగా నిలిచింది. 1964లో పుట్టిన వ్యవసాయ విశ్వవిద్యాలయం అమెరికన్ నమూనాది. కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ నిపుణులు ఇక్కడికొచ్చి పనిచేశారు, ఇక్కడి అధ్యాపకులు అక్కడికెళ్లి చదివొచ్చారు. 1996లో ఆ విశ్వవిద్యాలయానికి ఎన్.జి. రంగా పేరు పెట్టారు. 1955లో కమ్యూనిస్టులను ఓడించిన కూటమిలో ఉన్న ఆ రంగానే.

2006 మార్చి 3న జార్జ్ బుష్ హైదరాబాద్ వచ్చినప్పుడు ఆయనను తీసుకెళ్లింది ఈ ఆవరణకే. గేదెను చూపించారు, రైతులతో, పొదుపు సంఘాల మహిళలతో మాట్లాడించారు. బయట వామపక్షాలు నల్లజెండాలతో నిరసన తెలిపాయి. ఢిల్లీలో అదే వామపక్షాల మద్దతుతో నడుస్తున్న ప్రభుత్వమే బుష్‌కు ఆతిథ్యమిచ్చింది. ఈ దృశ్యానికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

అమెరికా గోధుమల మాట కూడా చెప్పుకోవాలి. పీఎల్-480 కింద వచ్చిన ధాన్యం అరవైల్లో రేషన్ దుకాణాలను నిలబెట్టింది. ఆ గోధుమలతోనే వచ్చిందని రైతులు తిట్టుకునే కలుపు వయ్యారిభామ. చేవెళ్ల చేలగట్ల మీద తెల్లటి పూలతో విరగబూసి ఉంటుంది. ముట్టుకుంటే ఒంటికి దురద, పశువు మూతి పెట్టదు. అంతకుముందే దేశంలో ఉందని వృక్షశాస్త్రం వాళ్లు అన్నా, 'కాంగ్రెస్ గడ్డి' అని దానికి పడ్డ పేరు పోలేదు.

సోవియట్ వైపు నుంచి వచ్చినవి వేరే రకం. పల్లెకు బ్లాకు కార్యాలయం కాదు, నగరానికి కార్ఖానా. బాలానగర్‌లో ఐడీపీఎల్ మందుల కర్మాగారం సోవియట్ సాయంతో లేచింది. విశాఖ ఉక్కుకు 1979లో సోవియట్‌తో ఒప్పందం కుదిరింది. దానికి పదమూడేళ్ల ముందు 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' ఉద్యమంలో 32 మంది చనిపోయారు. ఇవి కాక పుస్తకాలు. మాస్కోలో కూర్చుని ఉప్పల లక్ష్మణరావు వంటివాళ్లు తెలుగులోకి తెచ్చిన రష్యన్ నవలలు, రంగుల బొమ్మల పిల్లల పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో అణా పైసల ధరకు దొరికేవి. నిగనిగలాడే 'సోవియట్ భూమి' కాగితాలతో బడిపిల్లలు పుస్తకాలకు అట్టలేసుకునేవాళ్లు. గోర్కీ 'అమ్మ'ను చదవని తెలుగు రచయిత ఆ తరంలో అరుదు. పార్టీకి ఓటు వేయనివాళ్లు సైతం ఈ పుస్తకాలతోనే పెరిగారు. సోవియట్ యూనియన్ తెలుగువారికి ఇచ్చినదాంట్లో చివరిదాకా మిగిలింది ఇదేనేమో.

రెండు అగ్రరాజ్యాలు ఎదురెదురుగా నిలబడ్డంత పని విశాఖ తీరంలో జరిగింది. 1971 ఆగస్టులో భారత్, సోవియట్ మైత్రి ఒప్పందం చేసుకున్నాయి. పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైన డిసెంబరు 3న అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు వెలుపల ఆ దేశపు జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. అది ఒకప్పటి అమెరికా నౌకాదళపు డయాబ్లో. మన జలాంతర్గాములేమో సోవియట్ తయారీ. మరికొద్ది రోజులకు అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతంలోకి వచ్చింది. సోవియట్‌లో కట్టిన కుర్సురా జలాంతర్గామి ఇప్పుడు విశాఖ బీచిలో మ్యూజియం. టికెట్ కొని లోపలికెళ్లి చూడొచ్చు.

ఢిల్లీ, మాస్కోల మధ్య ఈ దోస్తీ బలపడిన కొద్దీ ఇక్కడి కమ్యూనిస్టులకు ఇరకాటం పెరిగింది. నెహ్రూను, ఇందిరను మాస్కో పొగుడుతుంటే నెహ్రూ పార్టీతో ఎంత గట్టిగా కొట్లాడాలి? అంతకుముందే, 1962లో చైనాతో యుద్ధం వచ్చాక, పార్టీలో ఈ తగవు ముదిరింది. 1964 జూలైలో తెనాలిలో సమావేశమైనవాళ్లు ఆ ఏడాది చివర కలకత్తాలో సీపీఎం అయ్యారు. పుచ్చలపల్లి సుందరయ్య దాని మొదటి ప్రధాన కార్యదర్శి. పాత పార్టీ ప్రధాన కార్యదర్శి చండ్ర రాజేశ్వరరావు. చీలిన రెండు పార్టీల పగ్గాలూ తెలుగువారి చేతుల్లోనే. 1951లో స్టాలిన్ ముందు పక్కపక్కన కూర్చున్న రాజేశ్వరరావు, బసవపున్నయ్య ఇప్పుడు చెరోవైపు. రైల్వే కాలనీల్లో, పొగాకు బేళ్ల గోదాముల్లో, కూలీల వాడల్లో ఒకే ఇంట్లో రెండు జెండాలు వెలిశాయి. ఆ చీలికకు ఇక్కడి భూమి సమస్య కారణం కాదు. ఉన్న కారణాల్లో పెద్దది బయటిది.

బయటి చూపు అక్కడితో ఆగలేదు. 1968 జనవరిలో పాలకొల్లు ప్లీనంలో ఆంధ్ర సీపీఎం మెజారిటీ కేంద్ర కమిటీ పత్రాన్ని కాదంది. తరిమెల నాగిరెడ్డి, చండ్ర పుల్లారెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు బయటికొచ్చారు. శ్రీకాకుళం ఏజెన్సీలో వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం నడిపిన గిరిజన పోరు 1970 జూలైలో వాళ్లిద్దరి మరణంతో వెనకపట్టు పట్టింది. అదే ఏడాది పెకింగ్ వెళ్లిన నక్సలైట్ నాయకుడు సౌరేన్ బోస్‌కు చైనా నాయకులు చివాట్లు పెట్టారు. చైనా చైర్మన్ మీ చైర్మన్ ఎలా అవుతాడన్నది అందులో ఒకటి. ఇరవై ఏళ్ల తేడాతో మాస్కోలో ఒకసారి, పెకింగ్‌లో ఒకసారి ఇవే అక్షింతలు. మీ దేశం సంగతి మీరే తేల్చుకోండి అని. రెండేళ్లు తిరక్కుండా నిక్సన్ మావోతో చేతులు కలిపాడు. ఏ దేశాన్ని చూసి ఉత్తరాంధ్ర కొండల్లో ప్రాణాలిచ్చారో ఆ దేశమే అమెరికా పక్కకు జరిగింది.

ఇంతకంటే గట్టి దెబ్బ కొట్టింది మాత్రం అగ్రరాజ్యాలు కాదు, ఎన్టీ రామారావు. ఈ మాట వామపక్షాల సొంత సమీక్షల్లో తగినంత గట్టిగా కనబడదు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం, మరుసటి ఏడాది పటేల్, పట్వారీల వ్యవస్థ రద్దు. సంఘం నలభై ఏళ్లు నినాదాలుగా మోసిన వాటిని ఆయన ఉత్తర్వులుగా జారీ చేశాడు. పట్వారీ పెత్తనం పోయిందని ఊరు సంబరపడినప్పుడు ఎర్రజెండాకు మిగిలిన పని ఏమిటి? వామపక్షాలు ఆయనతో పొత్తులోకి వెళ్లాయి. పొత్తులో సీట్లు దొరికాయి, వాడల్లో మనుషులు పల్చబడ్డారు. 1994లోని 34 సీట్లు ఆ పొత్తు ఇచ్చినవి. 1999లో రెండు సీట్లే రావడం సొంతంగా ఎంత మిగిలిందో చూపింది.

అడవి దారి పట్టినవాళ్లది వేరే కథ. 1980లో కొండపల్లి సీతారామయ్య స్థాపించిన పీపుల్స్‌వార్‌ను ఊళ్లు 'అన్నలు' అని పిలిచాయి. రాజ్యం జవాబూ ఈ పడమటి దారిలోనే తయారైంది. వినోబా సమ్మేళనం జరిగిన శివరాంపల్లిలో 1970ల నుంచి జాతీయ పోలీసు అకాడమీ ఉంది. మొయినాబాద్ మలుపు దగ్గరి రాష్ట్ర పోలీసు అకాడమీ పేరుతోనే 'అప్పా జంక్షన్' వెలిసింది. నక్సలైట్లను ఎదుర్కోవడానికే 1989లో పుట్టిన గ్రేహౌండ్స్ పోలీసు దళం స్థావరం గండిపేట పక్కన. దానకర్ణుడి దారి, కూంబింగ్ దారి ఒకే రోడ్డున కలిశాయి.

1991 వచ్చేసరికి పరిస్థితి ఇది. జూన్‌లో వంగర బిడ్డ పీవీ నరసింహారావు ప్రధాని అయ్యాడు. జూలైలో సంస్కరణల బడ్జెట్. ఆగస్టు 19న మాస్కోలో గోర్బచెవ్ మీద కుట్ర, దానిపై పీవీ ఆచితూచి అన్న మాటకు విమర్శలు. సెప్టెంబరు 7న రావి నారాయణరెడ్డి కన్నుమూశాడు. తర్వాతి ఏప్రిల్‌లో బసవపున్నయ్య, 1994 ఏప్రిల్‌లో రాజేశ్వరరావు వెళ్లిపోయారు. 1992 ఆగస్టులో విశాఖ ఉక్కును పీవీ జాతికి అంకితం చేసేనాటికి ఒప్పందం మీద సంతకం చేసిన దేశమే లేదు. సోవియట్ కొనుగోళ్ల మీద ఆధారపడ్డ ఆంధ్ర వర్జీనియా పొగాకు రైతు కొనేవాడి కోసం దిక్కులు చూశాడు. సిద్ధాంతం కూలిన చప్పుడు పొగాకు వేలంపాట అంత గట్టిగా ఇంకెక్కడా వినబడలేదు.

ఐడీపీఎల్ మూతపడే దారి పట్టింది కానీ అక్కడ చేయి తిరిగినవాళ్లు ఆగలేదు. అక్కడ పనిచేసిన కె. అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టాడు. సోవియట్ పాఠం చదివిన హైదరాబాద్ మందుల పరిశ్రమ అమెరికా మార్కెట్లో పెద్దదైంది. 2001లో ఆ సంస్థ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో నమోదైంది. 2020లో రష్యా స్పుత్నిక్ టీకా కోసం వెతుక్కుంటూ వచ్చింది ఆ సంస్థ దగ్గరికే.

1990లో అమెరికా ఇమిగ్రేషన్ చట్టం హెచ్-1బీ వీసా తెచ్చింది. మొయినాబాద్ మండలం చిలుకూరులో, ఉస్మాన్‌సాగర్ ఒడ్డున ఉన్న పాత గుడికి దాంతో కొత్త పేరు వచ్చింది, వీసా బాలాజీ. హుండీ ఉండదు. మొక్కేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, కోరిక తీరాక నూట ఎనిమిది. లెక్క తప్పకుండా కాగితం మీద అంకెలు కొట్టుకుంటూ ఇంజినీరింగ్ పిల్లలు తిరుగుతుంటారు. కొందరి తాతలు రావి నారాయణరెడ్డి చిలుకూరు సభకు బండ్లు కట్టుకుని వెళ్లినవాళ్లూ కావచ్చు. ఆ మనుమలను తప్పుపట్టాల్సిన పనేమీ లేదు. పంచుకోవడానికి ఊళ్లో ఏమీ మిగలనప్పుడు ఊరు దాటడమే వాళ్లకు కనబడిన దారి.

భూమి సమస్య మాత్రం ఎక్కడికీ పోలేదు, రూపం మార్చుకుంది. 1996 మార్చిలో వచ్చిన 111 జీవో ఉస్మాన్‌సాగర్ సహా రెండు జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో కట్టడాలకు కళ్లెం వేసింది. మొయినాబాద్‌లో ఎక్కువ ఊళ్లు దాని కిందివే. జీవో ఉందని రైతు అగ్గువకు అమ్ముకున్నాడు. కొన్నవాడు గోడ కట్టి, మామిడి చెట్లు పెట్టి, జీవో ఎత్తేసే రోజు కోసం కూర్చున్నాడు. ఒకప్పుడు దొర భూమి అంటే దున్నేవాడి చెమట. ఇప్పుడు దున్నేవాడే కనబడడు, కాపలాదారు ఉంటాడు. కూలి రేటు మీద సమ్మె కట్టించడం తెలిసిన పార్టీకి, గజం రేటు మీద ఆశతో బతికే ఊరితో ఏం మాట్లాడాలో తెలియలేదు. 38-ఇ పత్రం చేతిలో ఉండీ పట్టా పాసుపుస్తకం ఎక్కని కుటుంబాలు భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చినా, దాని స్థానంలో భూభారతి వచ్చినా తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి. 1950 చట్టం ఆ మేరకు ఇంకా అమలు కావాల్సే ఉంది. వామపక్షాలు భూపోరాటాలు పూర్తిగా వదలలేదు. 2007 జూలై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో ఇళ్ల స్థలాల ఆందోళనపై పోలీసులు కాల్పులు జరిపితే ఏడుగురు చనిపోయారు. ఆ ఏడుగురు కోరింది ఇళ్ల జాగా.

2018 తెలంగాణ ఎన్నికల్లో వామపక్షాలకు సీటు రాలేదు. 2023లో కాంగ్రెస్ పొత్తుతో కొత్తగూడెం ఒక్కటి సీపీఐకి దక్కింది. 2025 మేలో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లా జియ్యన్నపేటలో పుట్టిన నంబాళ్ల కేశవరావు అబూజ్‌మఢ్‌లో హతమయ్యాడు. అక్టోబరులో పెద్దపల్లికి చెందిన మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిలో ఆయుధాలు అప్పగించాడు. ఆ లొంగుబాటుకు మాస్కోతో గానీ, బీజింగ్‌తో గానీ సంబంధం లేదు. అడవిలో అన్నం పెట్టే ఊళ్లు తగ్గిపోయాయి, రోడ్లు, సెల్ టవర్లు, క్యాంపులు లోపలికి వచ్చాయి. చేవెళ్ల లోక్‌సభ స్థానంలో 2024లో బీజేపీ తరఫున గెలిచింది పెద్దమంగళారం రంగారెడ్డి మనుమడు కొండా విశ్వేశ్వర్‌రెడ్డి. ఆయన ప్రధాన ప్రత్యర్థి కాంగ్రెస్ అభ్యర్థి. కమ్యూనిస్టులకూ కాంగ్రెస్ వాదులకూ మధ్య 1943లో ఆంధ్ర మహాసభలో నడిచిన పోటీ కాస్తా ఈ నియోజకవర్గంలో ఇప్పుడు కాంగ్రెస్‌కూ బీజేపీకీ మధ్య నడుస్తోంది. వామపక్షాలు ఆ ఎన్నికలో ఇక్కడ లెక్కలోకి వచ్చే పోటీదారులు కాదు.